వ్రాతప్రతి యెక్కడికి?

గడచిన శీతకాలమున మా పాఠశాలలో పదవ తరగతి చదువుచున్న బాలిక యొకతె, సాయంకాలము గంట కొట్టిన పిమ్మట, తోడివా రందఱును పోవువఱకు గుమ్మముకడ నిలిచియుండి, నూఱుపుటల నోటుపుస్తక మొకటి తెచ్చి మా బల్లపై నుంచెను. అందొక కథ గలదు. వారి వీధిలో కొళాయికడ బిందెలు వరుసపెట్టి కాచుకొనియుండు స్త్రీలను గూర్చిన కథ. ఎట్లున్నదో చెప్పుమని యామె మమ్మడుగలేదు. "మాస్టారండీ, ఇలాంటివి ఎక్కడికి పంపాలండీ?" అని మాత్ర మడిగెను.

మేము ఇరువదియేండ్లుగా పిల్లలకు సంధులును, సమాసములును, ఆంగ్లపద్యములును బోధించుచున్నవారము. వ్యాసము వ్రాయుటెట్లో చెప్పియున్నాము. వ్రాసినదాని నెచటికి బంపవలెనో యెన్నడును జెప్పియుండలేదు. ఆ దినమున "రేపు చెప్పెదనమ్మా" యని పంపివేసితిమి. ఆ రేపు మూడువారములకు గాని రాలేదు. ఈ నడుమ మేము వెదకిచూచిన సంగతులు ప్రశ్నకన్న పెద్దవైనవి. తెలుగున పేరులేని రచయిత తన వ్రాతప్రతిని ఏ గుమ్మమున నిడెను, ఏ గుమ్మము తెఱవబడెను, ఎవరికి ఆ గుమ్మమే కనబడలేదు అను విషయము మన సారస్వత చరిత్రలలో నొక మూల నణగియున్నది. దానిని కొంత వెలికి దీయుట యిచ్చట మా యుద్దేశము.

కావ్యపరీక్ష మన దేశమునకు గ్రొత్తగాదు. రాజశేఖరుడు తన కావ్యమీమాంసయందు, రాజు కవిసమాజమును కూర్పవలెననియు, మహానగరములలో కావ్యశాస్త్రపరీక్షకై బ్రహ్మసభలు జరుపవలెననియు విధించినాడు. నెగ్గినవానికి బ్రహ్మరథముపై నూరేగింపు, పట్టబంధము. కాళిదాసు, మెంఠుడు, భారవి మొదలగువారు ఉజ్జయినిలోను, పాణిని, పింగళుడు, పతంజలి మొదలగువారు పాటలీపుత్రములోను పరీక్షింపబడిరని యాతడు చెప్పెను. ఇది చరిత్రయో, ఐతిహ్యమో యను వివాద మట్లుండనిండు. పరీక్ష యను భావము మాత్రము మన పూర్వులకు సహజమైనదని తేలుచున్నది. అదే గ్రంథమున మఱియొక హితవు గలదు. పూర్తియైన ప్రబంధమునకు పెక్కు ప్రతులు వ్రాయించి యుంచవలెననియు, ఒరులకడ దాచియుంచుట, అమ్ముట, దానమిచ్చుట, దేశము విడుచుట, అల్పాయువు, అగ్ని, జలము మున్నగునవి కృతికి నాశహేతువులనియు నాతడు హెచ్చరించెను. ఆ పట్టికలో సంపాదకుని బల్లయొక్క సొరుగు లేదు. అది మన కాలపు చేర్పు.

ఈ మాట మేము హాస్యమునకై యనుట లేదు. మా యిరువదిమూడవయేట నొక పత్రిక ప్రకటించిన కథలపోటీకి, ప్రవేశరుసుముతో గూడ, మేమొక కథ బంపితిమి. కథ యొకటే ప్రతి. తిరుగు టపాకు బిళ్ళలు గూడ జతపఱచితిమి. ఫలితము లెప్పుడు వెలువడినవో మాకు దెలియదు. కథయు రాలేదు, బిళ్ళలును రాలేదు. రాజశేఖరుని చదివి పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్నవారమే మేము! చదువు వేఱు, బుద్ధి వేఱు.

యవనదేశమున నాటకములు దేవతోత్సవములందు పోటీగా నాడబడుచుండెడివి. క్రీస్తునకు పూర్వము 431వ సంవత్సరమున యూరిపిడీసు తన 'మీడియా'ను పోటీకి దెచ్చెను. పోటీలో మువ్వురు, ఆతనికి వచ్చినది మూడవ స్థానము. మొదటి బహుమానమందిన యూఫోరియను నాటకములలో నొకటియు నేడు మనకు దక్కలేదు. మీడియాను నేటికిని లోకమంతయు నాడుచున్నది. పరీక్షకుల తీర్పునకును కాలము తీర్పునకును గల దూరమును దెలుపుట కింతకన్న పురాతనమైన సాక్ష్యము మా కెఱుకలో లేదు. అయినను ఆ పోటీయే లేకున్నచో మీడియా వ్రాయబడియుండెడిదా యనునది వేఱు ప్రశ్న.

ఇక మన సంగతి. ముద్రాయంత్రము రాకముందు తెలుగుకవికి గుమ్మ మనగా సంస్థానపు సింహద్వారమే. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, వేంకటగిరి, పిఠాపురము, విజయనగరము మొదలైన సంస్థానములకు కవులు తిరిగి, పద్యము చదివి, వార్షికములు పొందుచుండిరి. అచ్చట వ్రాతప్రతి గాక వ్రాసినవాడే పోవలెను. గొంతుక కావలెను, ధారణ కావలెను, దివానుగారి పరిచయము కావలెను. ఇల్లు కదలలేని వానికిని, సభలో నోరు విప్పలేని వానికిని ఆ త్రోవ లేదు. స్త్రీలమాట చెప్పనక్కఱలేదు. తపాలాయును, మాసపత్రికయు వచ్చి చేసిన గొప్ప మార్పిది: మనిషి యింటనే యుండి కాగితమును బంపవచ్చును. ఈ చిన్నమార్పును మనవారు తగినంతగా గుర్తింపలేదని మా యభిప్రాయము.

తెలుగు నవలయొక్క పుట్టుకయే యొక బహుమాన ప్రకటనతో ముడివడియున్నది. గవర్నరుజనరలగు లార్డు మేయో కాలమున, వంగదేశీయుల యాచారవ్యవహారములను దెలుపు కథాగ్రంథమునకు బహుమాన మిత్తుమని ప్రకటన వెలువడెను. కర్నూలు మండలమున డిప్యూటీకలెక్టరుగా నుండిన నరహరి గోపాలకృష్ణమచెట్టిగారు దానిని జూచిరి. పోటీ వంగీయులను గూర్చినది, ఈయన తెలుగువాడు. ఆ బహుమానమున కాశపడవలసిన పని లేదు. అయినను, తెలుగువారి యాచారములను దెలుపు కథ మన భాషలో నేల యుండరాదని తలచి, 1872లో 'శ్రీరంగరాజ చరిత్రము'ను వెలువరించిరి. ఆ యేడాది ఫిబ్రవరిలోనే మేయోప్రభువు అండమానులో హతుడయ్యెను. తాను ప్రకటించిన బహుమాన మొకటి తా నెఱుగని భాషలో, తా నడుగని గ్రంథమును బుట్టించెనని యాయనకు దెలిసియుండదు.

తరువాతి కథ రాజమహేంద్రవరమునది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో 'వివేకవర్ధని'ని స్థాపించి, 'రాజశేఖర చరిత్రము'ను 1878 మొదలుకొని ముందుగా పత్రికలో దఫదఫాలుగా బ్రకటించిరి. ఆయనకు తన పత్రికయే తన గుమ్మము. తనకు దక్కిన సౌకర్యము ఇతరులకును దక్కవలెనని యెంచుట మాత్రము 'చింతామణి' మాసపత్రికతో నారంభమైనది. న్యాపతి సుబ్బారావు పంతులుగారు దానిని నడపిరి. వీరేశలింగముగారు సంపాదకత్వము వహించిరి. సుబ్బారావుగారు చెన్నపురిలో 1878లో 'హిందూ' పత్రికను స్థాపించిన యార్గురు యువకులలో నొకరు. పత్రిక యనగా వార్త మాత్రమే కాదు, దేశమున దాగియున్న చేతులను బయటికి రప్పించు పిలుపు కూడ నని యెఱిగినవారు. 1890లనడుమ 'చింతామణి' యేటేట నవలలకు బహుమానములు ప్రకటింపసాగెను.

ఆ పిలుపునకు బదులు చెప్పినవారిలో ఖండవల్లి రామచంద్రుడు గారును, తల్లాప్రగడ సూర్యనారాయణరావు గారును గలరు. కాని యా పోటీల పేరు చెప్పగానే మనకు స్ఫురించువారు చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు. వారి 'రామచంద్ర విజయము' 1894లోను, 'హేమలత' 1896లోను, 'అహల్యాబాయి' 1897లోను ఆ బహుమానముల మూలముగ వెలుగుచూచినవి. చదువరు లొక్కక్షణ మాలోచింపవలెను. ఈయన 1867లో జన్మించిన వాడు. బాల్యమునుండియు చూపు మందము. చీకటి పడిన పిమ్మట కన్ను కానరాదు. తరువాత నా కొంచెపు చూపును పోయినది. ధనికుడు కాడు. ఇట్టివాడు పుస్తకము వ్రాసినను అచ్చువేయించుట యెట్లు? ఆ కాలమున గ్రంథకర్త కాగితపు ఖరీదు, కూర్పుకూలి తానే భరించవలెను. లేదా చందాదారులను గూర్చుకొనవలెను. లేదా జమీందారున కంకితమీయవలెను. 'చింతామణి' యీ మూడును దప్పించెను. గెల్చినచో సొమ్మును ముద్రణమును రెండును లభించును. పోటీయనగా కీర్తికై పరువులిడుట యని మనము తలచుచున్నాము గాని, ఆ దినములలో నది బీదరచయితకు ముద్రాశాల తలుపు.

దీనియందలి లోపమును గూడ చెప్పకతప్పదు. బహుమానమునకై వ్రాయువాడు పరీక్షకుని ముఖమును జూచుచు వ్రాయును. చిలకమర్తివారి మొదటి నవల మన యిండ్లలోని కథ. తరువాతివి ఉత్తరదేశపు రాజులయు రాణులయు కథలు. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును, వారి మిత్రులును విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి, పిదప చెన్నపురికి మార్చి, తామును నవలలపోటీలు జరిపిరి. మండలివారి యాదర్శము చరిత్రజ్ఞానము. అందుచే పోటీ యనగానే చారిత్రకనవల యను తలంపు ప్రబలెను. దుగ్గిరాల రాఘవచంద్రయ్యగారి 'విజయనగర సామ్రాజ్యము', కేతవరపు వేంకటశాస్త్రిగారి 'రాయచూరు యుద్ధము' ఆ కాలపు పంట. వీనివలన తెలుగువారికి తమ పూర్వచరిత్రయం దభిమానము గలిగెను, నిజము. కాని అప్పుడు తెలుగునేల మీద నివసించుచుండిన కూలివాడును, విధవయు, మాలపల్లెయు ఆ పోటీల పుటలలో నంతగా కానరారు. గురజాడవారి 'కన్యాశుల్కము' గాని, వేలూరు చెఱసాలలో వ్రాయబడి 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' గాని యే పోటీకిని వ్రాయబడినవి కావు. పోటీ నవలను బ్రదికించెను. నవలకు ప్రాణమిచ్చినది మఱియొకటి.

చిన్నకథకు పోటీకంటె పత్రికయే యాధారమైనది. గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' 1910లో బందరునుండి వెలువడిన 'ఆంధ్రభారతి'లో వచ్చెను. దానిని నడపిన అయ్యంకి వేంకటరమణయ్యగారే తరువాత గ్రంథాలయోద్యమమునకు బ్రాణమైరి. అంతకు మునుపే, 1902లో, బండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' 'హిందూసుందరి'లో వచ్చెను. 'హిందూసుందరి' స్త్రీలకై వెలసిన పత్రిక. అచ్చమాంబగారు పైన జెప్పిన లక్ష్మణరావుగారి యక్క; బడికి పోయి చదివినది లేదు, తమ్ముడు చదువుకొనుచుండగా ప్రక్కన గూర్చుండి నేర్చినది. స్త్రీలకొఱకు ప్రత్యేకముగ నొక పత్రిక యుండుటచే నామె కథ మనకు దక్కినది. లేనిచో ఆ కథ యే పండితసంపాదకుని బల్లపై నెంతకాల ముండెడిదో! మొదటి తెలుగుకథ యేది యను వాదము మన విద్వాంసులకు మిక్కిలి ప్రీతికరము. మాకు మాత్రము రెండవ ప్రశ్న యెక్కువ రుచించును: ఏ పత్రిక ఏ చేతులకు జోటిచ్చినది?

ఇక్కడ నొక చిత్రము జెప్పవలెను. మన సారస్వతమును పోషించిన ధనము చాలవఱకు మందులసీసాలనుండి వచ్చినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో స్థాపించిన అమృతాంజనము తలనొప్పులను మాన్పి, ఆంధ్రపత్రికను నిలిపి, 1924 జనవరిలో 'భారతి'ని బుట్టించెను. డాక్టరు కేసరిగారి 'లోధ్ర' 1928లో 'గృహలక్ష్మి'ని బుట్టించెను. 1934 మొదలు 'గృహలక్ష్మి' స్త్రీలకు స్వర్ణకంకణ మిచ్చి సత్కరింపసాగెను. మొదటి కంకణము కనుపర్తి వరలక్ష్మమ్మగారిది. తలనొప్పులు లేని దేశమున తెలుగు మాసపత్రికలు బ్రదుకుట కష్టమని మా మిత్రుడొక డనుచుండును.

'భారతి'లో నొక వ్యాసముగాని, కథగాని పడినదనిన రచయితకు పట్టా దొరికినట్లే. అది ఏ పోటీయును గాదు. కాని ప్రతిమాసము జరుగు మౌనపరీక్ష. చరిత్రపరిశోధనమును, పాతపద్యమును, క్రొత్తకథయు నొకే సంచికలో కలిసియుండుటచే, క్రొత్తవాడు పెద్దలప్రక్కన గూర్చుండవలసివచ్చెను. ఇట్టి సాంగత్యమే రచయితకు నిజమైన శిక్షణము. ఇప్పటి పత్రికలలో వయసునుబట్టియు, రుచినిబట్టియు వేర్వేఱు గదులు కట్టుటచే నిది కొఱవడినది. 'భారతి' 1991లో నిలిచిపోయెను.

పోటీలలో పరీక్షకులు చేయు తీర్పునకు మన చరిత్రలో ప్రసిద్ధమైన యుదాహరణము ఆంధ్రవిశ్వకళాపరిషత్తు జరిపిన నవలలపోటీ. విశ్వనాథ సత్యనారాయణగారు 1934లో 'వేయిపడగలు'ను ఇరువదితొమ్మిది దినములలో జెప్పగా వారి తమ్ములు వేంకటేశ్వర్లుగారు వ్రాసిరి. అడివి బాపిరాజుగారు 'నారాయణరావు'ను బంపిరి. మొదటి నవల పాతధర్మము కూలిపోవుటను జూచి విలపించును. రెండవది క్రొత్తకాలపు యువకుని ప్రేమతో జిత్రించును. రెండింటి భాష వేఱు, శిల్పము వేఱు, చూపు వేఱు. పరీక్షకులు బహుమానమును రెండుగా బంచియిచ్చిరి. ఇది పిఱికితనమని కొంద ఱందురు. మాకట్లు తోచదు. ఒకదానితో నొకటి కొలువరాని వస్తువులను కొలువుమనినప్పుడు త్రాసును క్రిందబెట్టుట న్యాయమే. ఆ పోటీ తేదీ లేకున్న ఇరువదితొమ్మిది దినముల యుద్ధము జరిగియుండెడిదా? వ్రాయుటకు భావము చాలదు, ఒక్కొక్కప్పుడు గడువును కావలెను.

అదే 1934లో, పరిషత్తునకు దూరముగ, హైదరాబాదులో జరిగిన సంగతి మా దృష్టిలో ఈ చరిత్ర కంతకును శిఖరము. నిజాము రాష్ట్రమున తెలుగుకవులు లేరని యొక పండితుడు వ్రాసెను. 'గోలకొండ' పత్రికాసంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు. వారు 1926లో ఆ పత్రికను స్థాపించిరి. రాజభాష ఉర్దూ, బడులలో బోధనయు ఉర్దూ. తెలుగు పలుకుటయే చిన్నతనముగ నెంచబడుచుండిన కాలము. ఆ మాటకు రెడ్డిగారు కోపముతో నొక వ్యాసము వ్రాసి యూరకుండవచ్చును. మనవారి వాడుక యదియే. ఆయన యట్లు చేయలేదు. కవులారా, మీ పద్యములను, మీ వృత్తాంతములను బంపుడని పత్రికాముఖమున పిలిచెను. పల్లెలనుండి, సంస్థానములనుండి, జిల్లాలనుండి కాగితములు రాసాగెను. 'గోలకొండ కవుల సంచిక' వెలువడునప్పటికి అందు మున్నూటయేబదినలుగురు కవులు! వారిలో స్త్రీలును గలరు. పండితులును, గ్రామములలోని సామాన్యులును గలరు.

చదువరు లీ సంఖ్యను లెక్కగా మాత్రమే చూడకుందురుగాక. ఆ 354 మంది అంతకు ముందురోజు వఱకును ఉన్నవారే. పద్యములును ఉన్నవే. లేనిది పిలుపు. ఆ పండితుడు అబద్ధమాడెనని మేమనుకొనము, ఆయనకు గనబడలేదు. ఎందుకు గనబడలేదనగా వారు పంపదగిన చోటు లేకుండెను. చెన్నపురి పత్రికల ప్రకటనలు ఆ పల్లెలకు బోవుటయే యరుదు, పోయినను తమవంటివారికని వారనుకొనరు. ఒక ప్రాంతమునగాని, ఒక కులమునగాని, స్త్రీలలోగాని వ్రాయువారు లేరని యెవరైన ననినప్పుడెల్ల మాకు సురవరమువారు జ్ఞప్తికి వత్తురు.

స్వతంత్రము వచ్చిన పిమ్మట పోటీలు దేశసరిహద్దులను దాటెను. న్యూయార్కు హెరాల్డు ట్రిబ్యూను పత్రిక జరిపిన ప్రపంచకథల పోటీలో, 1952లో, పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన'కు ద్వితీయ బహుమానము వచ్చెను. ఆయన కాకినాడ కళాశాలలో రసాయనశాస్త్రము బోధించినవారు. రైలుబండిలో ప్రయాణము చేయు నీతిమంతుడగు నొక పెద్దమనిషియు, ఒక బిచ్చగత్తెయు, ఒక గాలివాన రాత్రి: ఇంతే కథ. తెలుగుపల్లెల గాలివాన నెఱుగని పరదేశులకు గూడ నది యర్థమయ్యెను. తరువాత, సముద్రము దాటి వెళ్లిన తెలుగువారే యిచటివారికి పోటీలు పెట్టసాగిరి. ఉత్తర అమెరికా తెలుగుసంఘము, తానా, జరిపిన పోటీలో 1997లో చంద్రలతగారి 'రేగడి విత్తులు' బహుమాన మందెను. నల్లరేగడి భూములను, సేద్యమును వెదకుచు వలసపోయిన తెలుగురైతుల కథకు, ఇంకను దూరము వలసపోయిన తెలుగువారు బహుమాన మిచ్చుట సహజముగనే యున్నది.

ఈ విషయము లన్నియు మేము సేకరించుకొని, ఆ బాలికను బిలిచితిమి. ఇంతయు చెప్పబోగా నామె సగములోనే "మాస్టారండీ, మరి నాది?" అనెను. బోధకుని దుర్గుణ మిదియే. ప్రశ్న చిన్నది, జవాబు పెద్దది.

అప్పుడు కార్యములోనికి దిగితిమి. ముందుగా, ఏ పత్రికకు బంపదలచితిమో దాని పాతసంచికలు మూడు నాలుగు చదువవలెనని చెప్పితిమి. ఎక్కడ దొరకుననగా, మా మండలగ్రంథాలయమున గొన్ని గలవు. పాతవానికి శ్రీకాకుళమున కథానిలయము గలదు. దానిని 1997లో స్థాపించిన కాళీపట్నం రామారావుగారును మావంటి బడిపంతులే. విశాఖపట్టణమున లెక్కలు చెప్పిరి. తమకు వచ్చిన పురస్కారముల సొమ్మును దానికై వెచ్చించిరి. తెలుగుకథ లచ్చయిన పత్రికలను ఒకచోట జేర్చి, వెదకుకొనువానికి వీలుగా నుంచుటకంటె క్రొత్తరచయితకు చేయదగిన యుపకార మేమి గలదు? కథ యెక్కడ బుట్టినదో, ఏ రుచి గల సంపాదకుడు దేని నెన్నుకొనెనో యచట కనబడును.

తరువాత పోటీల ప్రకటనలు. ఉగాదికి, సంక్రాంతికి, దీపావళికి పత్రికలును, సంఘములును ప్రకటించునవి కొన్ని చూచితిమి. వానిలో పుటల పరిమితి, గడువు, వ్రాతప్రతిపై పేరుండరాదను నియమము, ఇది స్వంతరచన, అనువాదము గాదు, మఱియెక్కడను ప్రచురితము గాలేదు అను హామీపత్రము సాధారణముగ నుండును. పరీక్షకుల పేరులు చెప్పనివియు, గెల్చిన కథపై సర్వహక్కులును తమవే యనునవియు, ముందుగ రుసుము బంపుమనునవియు గలవు. ఈ మూడవజాతిని మేము ప్రక్కన బెట్టితిమి. మా పాతగాయము మా చేత నిట్లు చేయించెనని చదువరు లనుకొన్న ననుకొనవచ్చును. కాని పదవ తరగతి పిల్లయొద్ద డబ్బు దీసికొని ఆమె కథను చదువుట యెంత న్యాయమో వారే చెప్పవలెను. 'చింతామణి' రచయితలకు సొమ్మిచ్చెను గాని వారినుండి కోరలేదు.

మూడవ సంగతిలో మాకును ఆ బాలికకును భేదము వచ్చెను. ఆమె కథలో స్త్రీలు మా గోదావరి యాసలోనే మాటాడుకొందురు, తిట్టుకొందురు. తిట్లు కొన్ని తీసివేయుమని మేము సూచించితిమి. "తీసేస్తే వాళ్లు మాట్లాడినట్టుండదండి" అని యామె తల వంచుకొనియే చెప్పెను. పరీక్షకుని ముఖము జూచుచు వ్రాయుట తగదని యింతకు ముందే మూడుపుటలు వ్రాసికొన్నవారము మేము, కనుక నూరకుంటిమి. అక్షరదోషములు మాత్రము దిద్దితిమి.

ఆమె తెల్లకాగితములపై నొక వైపుననే, అంచు విడిచి, రెండు శుద్ధప్రతులు వ్రాసికొని వచ్చెను. ఒకటి తనయొద్ద నుంచుకొనెను. హామీపత్రముపై వయస్సు వ్రాయవలసినచోట నామె సంశయించెను. తక్కువయని త్రోసివేయుదురా యని. ఉన్నదే వ్రాయుమంటిమి. అచ్చమాంబగారి పేరును, పద్మరాజుగారి పేరును మేమెంత చెప్పినను ఆమె ముఖమున గలుగని వెలుగు, కవరుపై తన చిరునామాను పంపువారి స్థానమున వ్రాసినప్పుడు గలిగెను.

తపాలాకచేరికి మేమును వెళ్లితిమి. గుమాస్తా కవరును తూచి, ఇంత యగునని చెప్పి, బిళ్ళ లంటించెను. రిజిస్టరు చేయింతుమా, మామూలుగానా యని యడిగెను. ఆమె మా వైపు చూచెను. రిజిస్టరే చేయింపుమంటిమి. రసీదును నాలుగుమడతలుగా మడచి, నోటుపుస్తకములో కథ ముగిసిన పుటయందుంచి, "ఎన్నాళ్లకి వస్తుందండి జవాబు?" అనెను. మూడుమాసములు పట్టవచ్చునంటిమి. ఈ వ్యాసము వ్రాయునప్పటికి రెండు గడచినవి.